బస్సుకి చక్రాలేవీ?

మీ ఇంట్లో పాత గుంట పునుగుల పెనం ఉందా? పోనీ పొంగణాల పెనం అనండి. ఊరికో పేరు, గుంటలు మాత్రం అవే. పైపూత లేచిపోయి, పారెయ్యడానికి మనసొప్పక అటకెక్కించి ఉంటారే, అదీ. నాకు కావాలి. పునుగులు వెయ్యడానికి కాదు లెండి. క్రేయాన్లు పొయ్యడానికి.

అలా చూడకండి మరి. పిట్టగోడ మీద మోచేతులు ఆనించుకుని తీరిగ్గా వినండి. స్టవ్ మీద పాలు పెట్టి రాలేదు కదా? అయితే సరే.

ఆదివారం పొద్దున మా వసారాలో పిల్లలు బొమ్మలు వేస్తారని మీకు తెలుసు. ఆ గోల మీ దాకా వస్తుందనీ నాకు తెలుసు. మొత్తం ఏడుగురు. ఒకమ్మాయికి పుట్టుకతోనే చూపు లేదు. ఇద్దరికి వినపడదు. ఒకడికి సెరిబ్రల్ పాల్సీ, చక్రాల కుర్చీలో వస్తాడు. ఇంకొకడికి ఆటిజం. మిగిలిన ఇద్దరూ ఎదురింటి అక్కాతమ్ముళ్లు. వాళ్లకి ఏ సర్టిఫికెట్టూ లేదు, అల్లరి మాత్రం అందరికన్నా రెండాకులు ఎక్కువ.

ఇక పెనం సంగతి. ఇళ్లల్లో విరిగిన క్రేయాన్ ముక్కలు ఎన్నుంటాయో ఎప్పుడైనా చూశారా? సోఫా కింద, స్కూలు సంచి అడుగున, ఆఖరికి దేవుడి గూట్లో కూడా. అవన్నీ పోగుచేసి, కాగితం ఒలిచి, రంగు రంగుకీ వేరు చెయ్యండి. పెద్ద గిన్నెలో నీళ్లు మరుగుతుండగా అందులో చిన్న గిన్నె దించి, ఆ చిన్న గిన్నెలో ముక్కలు కరగనివ్వండి. మైనాన్ని తిన్నగా మంట మీద పెట్టొద్దు, అంటుకుంటుంది. పిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వొద్దు. కరిగినదాన్ని పెనం గుంటల్లో పోసి వదిలెయ్యండి. చల్లారాక బోర్లించి తట్టితే సగం బంతుల్లా ఊడి పడతాయి. గుండ్రటి వైపు అరచేతిలో కూర్చుంటుంది, అంచు కాగితం మీద నడుస్తుంది. ఎర్ర పునుగు, పచ్చ పునుగు, నీలం పునుగు. చూడ్డానికే నోరూరుతుంది. అందుకే చిన్నపిల్లలున్న చోట కన్నేసి ఉంచాలి.

చక్రాల కుర్చీ కుర్రాడి వేళ్లు ముడుచుకుని పిడికిలిలా ఉంటాయి. సన్నటి పెన్సిలు అందులో నిలవదు. వాళ్లమ్మ మొదటిరోజు తీసుకొచ్చి, "వీడికి పెన్సిలు పట్టుకోవడం రాదండీ, ఏదో నలుగురిలో కూర్చుంటాడని" అంది. రాకపోవడం ఏమిటండీ! పెన్సిలు సన్నం, అంతే. ఆ పిడికిలిలో ఎర్ర పునుగు పెట్టాం. ఇక చూడాలి. చార్టు మీద గీతలు కాదు, తుఫాను! అరగంట సేపు ఆపలేదు. తర్వాత పచ్చది కావాలని చూపుతో అడిగాడు.

ఇంకో రెండు చిన్న పనులు చేశాం. చార్టుకి నాలుగు మూలలా టేపు వేసి బల్లకి అంటించాం. లేకపోతే కాగితం జారిపోతుంది, వాడి ఓపికంతా దాన్ని ఆపడానికే సరిపోతుంది. రెండోది, పాదాల కింద పీట. కాళ్లు గాల్లో వేలాడుతుంటే చెయ్యి కుదురుగా ఉండదు. నమ్మరా? ఎత్తు స్టూలెక్కి కాళ్లు వేలాడేసుకుని బ్యాంకు సంతకం పెట్టి చూడండి. చెక్కు వెనక్కొస్తే మాత్రం నన్నడక్కండి.

బ్రష్షులకైతే ఇంకా తేలిక. ఏసీ బిగించేవాళ్లు రాగి గొట్టాలకి తొడిగే నల్ల స్పాంజి గొట్టం ఉంటుంది చూశారూ, అది జానెడు ముక్క చాలు. బ్రష్షు దాంట్లోకి దూర్చితే చేతికి లావుగా, మెత్తగా పట్టు దొరుకుతుంది. సైకిలు హ్యాండిల్ గ్రిప్పు అయినా సరే. మెకానిక్కులు పాతవి ఊరికే ఇస్తారు, ఎందుకని మాత్రం తప్పకుండా అడుగుతారు.

అసలు లావుపాటి పట్టు అనేది మనకి కొత్తేమీ కాదు. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేచోట ఓ గంట నిలబడండి. వెదురుపుల్ల కొన చెక్కి, దానికి పైన ఉన్నిగుడ్డ ఉండలా చుట్టి, దారంతో బిగిస్తారు. అదీ కలం. గుడ్డ రంగు పీల్చుకుంటుంది, వేళ్లతో కాస్త నొక్కితే కొనలోకి దిగుతుంది. ఇనుపముక్కలూ బెల్లమూ నానబెట్టి తీసిన నలుపుతో, ఆ బొద్దు కలంతో, రాముడి కనురెప్పలు గీస్తారు! సన్నటి గీతకి సన్నటి పుల్లే పట్టాలని ఎవరన్నారు? ఆ కలం ఒకటి చేసి మా కుర్రాడికిచ్చాను. ఎదురింటి బుడ్డోడు తనకీ కావాలని పేచీ. ఇప్పుడు ఏడుగురికీ ఏడు కలాలు.

ఉండండి, అసలు కబురు ఇప్పుడు చెప్తాను.

చూపు లేని అమ్మాయికి తొమ్మిదేళ్లు. మాటల పుట్ట. ఆ పిల్లకి తెల్లకాగితమూ స్కెచ్‌పెన్నూ ఇస్తే ఏమీ ఇచ్చినట్టు కాదు. గీసిన గీత తన వేలికి తగలదు. గీసిన మరుక్షణం ఆ బొమ్మ మనదైపోతుంది, తనది కాకుండా పోతుంది. ఎంత అన్యాయమో చూడండి.

దీనికి మందు మీ కిటికీలోనే ఉంది. దోమల జాలి. పిల్లలు పరీక్షలకి తీసుకెళ్లే అట్ట ఉంటుందిగా, దాని మీద జాలి పరిచి, అంచులు గుచ్చుకోకుండా చుట్టూ టేపు వెయ్యండి. పైన కాగితం పెట్టి, క్రేయాన్‌తో గట్టిగా గియ్యమనండి. జాలి గళ్ల మీద మైనం గరుగ్గా లేస్తుంది. వేలితో వెతికితే గీత దొరుకుతుంది. ఎక్కడ మొదలుపెట్టిందో, ఎక్కడ ఆపిందో, ఎక్కడ వంకర పోయిందో అన్నీ దొరుకుతాయి.

తన గీతని తాను మొదటిసారి తడుముకున్నప్పుడు ఆ పిల్ల మాట్లాడటం ఆపేసింది. ఆ నోరు ఆగడమంటే మాటలు కాదు. వసారా అంతా నిశ్శబ్దం. ఒకసారి కాదు, అదే గీత మీద ఐదారుసార్లు వేలు నడిపింది. తర్వాత, "బస్సు వెయ్యనా?" అంది.

వెయ్యమన్నాను. వేసింది. ఏం వేసిందనుకున్నారు? అడుగున మూడు మెట్లు, అన్నిటికన్నా కింది మెట్టు బాగా ఎత్తు. మెట్ల పక్కన నిలువుగా ఒక కడ్డీ, కాగితం ఈ చివరి నుంచి ఆ చివరికి. పైన ఒక సీటు. సీటు మధ్యలో ఒక చీలిక. చిరిగిన రెక్సిన్ అట. అందులోంచి స్పాంజి పీకొచ్చట. అంతే, బస్సు అయిపోయింది.

వాళ్లమ్మ వంగి చూసి, "బస్సుకి చక్రాలేవే?" అంది.

"అవి బయటుంటాయి కదమ్మా. నేను లోపలున్నాను."

ఏం చెప్తారు చెప్పండి! మనం బస్సు వెయ్యమంటే ఏం వేస్తాం? ఒక పెట్టె, నాలుగు కిటికీలు, రెండు చక్రాలు. రోడ్డుకి అవతల నిలబడి చూసినవాడి బస్సు అది. ఈ పిల్లది ఎక్కినవాళ్ల బస్సు. రోజూ ఎక్కుతాం కదా, ఆ మెట్టు ఎత్తు మనకెప్పుడైనా కాగితం మీదికొచ్చిందా?

కానీ చక్రాల మాట వాళ్లమ్మ అననే అంది. ఆదివారం కాబట్టి వెనక వీధిలో స్కూలు బస్సు ఖాళీగా నిలబడి ఉంది. డ్రైవరుగారిని అడిగి పిల్లని తీసుకెళ్లాం. ముందు టైరు తడిమింది. గాడుల్లో వేలు పెట్టి ఎంత లోతో చూసింది. రబ్బరు వాసన చూసి మొహం చిట్లించింది. నడుమ ఉన్న నట్లు ఒక్కొక్కటీ పట్టుకుని లెక్కపెట్టింది, ఎక్కడ మొదలెట్టానో మర్చిపోయానని మళ్లీ లెక్కపెట్టింది. చేతినిండా నల్లటి మసి. చెయ్యి చాపితే టైరు పైభాగం అందింది, "అమ్మో, నా భుజం దాకా ఉంది" అంది. డ్రైవరుగారు కూడా అలా చూస్తూ నిలబడిపోయారు. "ఇన్నేళ్లు నడిపాను, ఇలా పట్టుకు చూసిన పాసింజరు లేదండీ" అన్నారు.

ఆ పై ఆదివారం బొమ్మలో మెట్లూ లేవు, కడ్డీ లేదు. ఒక్క చక్రం. కాగితం అంచులు దాటి పోయింది. నట్లన్నీ గట్టిగా నొక్కి పెట్టింది, జాలి చిరిగేలా. మరి బస్సేదమ్మా అంటే, కాగితం సరిపోలేదంది.

మనవాళ్లు "గుడ్డివాళ్లు ఏనుగుని చూసినట్టు" అని ఎంత తేలిగ్గా అనేస్తారు! ఆ సామెత మీద నాకు ఎప్పట్నుంచో కోపం. తోక పట్టుకున్నవాడు తాడులా ఉందన్నాడు, ఉంటుంది కదా? చెవి పట్టుకున్నవాడు చేటలా ఉందన్నాడు, అబద్ధమా? వాళ్లు చెప్పింది ప్రతి ముక్కా నిజం. వాళ్లని ఏనుగు చుట్టూ ఒక్క ప్రదక్షిణ చేయించిన నాథుడు లేడు, అదీ కథలో ఉన్న లోటు. ఆ మాటకొస్తే కళ్లున్నవాడు ఒకే పక్క నిలబడి చూస్తే ఏనుగుకి కన్ను ఒకటే. వాడి మీద సామెత ఎవరూ కట్టలేదేం?

తడిమి తెలుసుకునే ఈ సంగతిని శ్రద్ధగా పట్టించుకున్న పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. విక్టర్ లోవెన్‌ఫెల్డ్. 1903లో పుట్టాడు. వియన్నాలో చూపులేని పిల్లల బడిలో మట్టి ముద్దలిచ్చి బొమ్మలు చేయించాడు. తర్వాత అమెరికా వెళ్లి 1947లో పిల్లల బొమ్మల మీద పెద్ద పుస్తకం రాశాడు. ఆయన కనిపెట్టింది ఏమిటంటే, కొందరు కంటితో చూసినదాన్ని వేస్తారు, కొందరు ఒంటితో తెలుసుకున్నదాన్ని వేస్తారు. ఈ రెండో రకంలో చూపు బాగా ఉన్నవాళ్లు కూడా బోలెడు మంది. వాళ్ల బొమ్మల్లో ఏది ముఖ్యమో అది పెద్దదైపోతుంది. పంటి నొప్పి ఉన్నవాడు మొహం వేస్తే దవడే ఉంటుంది మరి. మా పిల్ల చక్రం చూసినప్పుడు ఆయనే గుర్తొచ్చాడు.

వినాయక చవితికి మట్టి కలిపితే మా వసారాలో తేడాలే ఉండవు. అందరి చేతులూ బురదే. ఆ పిల్ల వినాయకుడికి పొట్ట ముందు చేసింది, ఉండ్రాళ్లు పట్టాలి కదా అని. చక్రాల కుర్చీ కుర్రాడికి బంకమట్టి పిసకడం కష్టం. వాడికి చింతగింజల అంబలిలో రంపప్పొట్టు కలిపి ముద్ద చేసిచ్చాను. చేర్యాల వాళ్లు మాస్కులు చేసేది దాంతోనే. నానబెట్టి రుబ్బి ఉడికిస్తే చింతగింజ ఎంత మంచి జిగురో! ముద్ద తేలిగ్గా ఉంటుంది, పిడికిలి కింద అణుగుతుంది, ఎండితే కర్రలా గట్టిపడుతుంది. వాడి వినాయకుడికి వేలి గుంటలే ఆభరణాలు.

రంగుల మాట ఎత్తలేదని అలిగారా? వస్తున్నా.

చూపులేని పిల్లకి ఎరుపేంటి, పసుపేంటి అని మీలో ఎవరో అనే ఉంటారు. మనసులో అన్నా వినపడుతుంది నాకు. ఆ పిల్ల లోకంలోనూ రంగులున్నాయండీ. అందరూ వాటి పేర్లే మాట్లాడుకుంటుంటే తనకి మాత్రం అక్కర్లేదా? పసుపు రంగులో పసుపే కలిపాం. గోధుమరంగులో కాఫీపొడి. ఆకుపచ్చలో ఎండిన గోరింటాకు పొడి. ఎరుపులో కాస్త ఇసుక, నీలంలో రంపప్పొట్టు. వాసన చూసి కొన్ని, వేలితో రాసి కొన్ని పోల్చుకుంటుంది. క్రేయాన్లకైతే రబ్బరు బ్యాండ్లు. ఒకటుంటే ఎరుపు, రెండుంటే పసుపు, మూడుంటే నీలం. పునుగులకి బ్యాండు నిలవదు కాబట్టి గాట్లు పెట్టాం. పసుపులో సున్నం కలిపి పారాణి చేసిన రోజు చూడాలి. "పసుపు ఎర్రగా అయిపోయింది" అని మిగతా పిల్లలు అరుస్తుంటే, తను గిన్నె దగ్గర మొహం పెట్టి, "వాసన కూడా మారింది" అంది. నా ముక్కుకి తట్టనే లేదు.

ఇక ముగ్గు. సంక్రాంతికి ఇంటిముందు ముగ్గు వెయ్యాలని ఏ ఆడపిల్లకి ఉండదు? మా చక్రాల కుర్చీ వీరుడికి కూడా ఉంది, అది వేరే సంగతి. అట్ట మీద చుక్కల బదులు బొట్టుబిళ్లలు అంటించాం. మఖమలువి, రాళ్లవి. ఐదు నుంచి ఒకటి వరకూ సరి చుక్కలు. వేలికి ఠకీమని తగులుతాయి. చుక్క నుంచి చుక్కకి ఫెవికాల్ గీత లాగి, దాని మీద ముగ్గుపిండి చల్లి రాత్రంతా ఆరనిస్తే తెల్లారేసరికి గట్టిపడి లేచి ఉంటుంది. చూపులేని అమ్మాయి మెలిక ముగ్గు కూడా తడిమి నేర్చుకుంది. మా అత్తగారు నాకు మూడేళ్లు నేర్పినా రాని మెలిక అది.

మరి ఆటిజం ఉన్న కుర్రాడు? వాడి గురించి చెప్పకపోతే మీరు ఊరుకున్నా నేనూరుకోను. వాడికి తడి రంగు చేతికి తగిలితే ఒళ్లంతా జలదరిస్తుంది. మనకి సుద్దముక్క బోర్డు మీద కీచుమంటే పళ్లు జిల్లుమంటాయే, అలాంటిది, దానికి పదింతలు. గారం కాదు, మొండితనం అంతకన్నా కాదు. అలాంటివాడి వేలు పట్టుకుని రంగులో ముంచేవాళ్లని చూస్తే నాకు వొళ్లు మండుతుంది. జిప్ కవర్లో రెండు చెంచాల పసుపు రంగు, రెండు చెంచాల నీలం వేసి, గాలి తీసి మూసి, టేపు వేసి ఇచ్చాం. పైనుంచి నొక్కుతాడు. చేతికి తడి లేదు. రెండు రంగులూ ఒకదాన్లోకి ఒకటి పాకుతాయి, మధ్యలో ఆకుపచ్చ పుడుతుంది. ఆ పుట్టే చోటునే చూస్తూ కూర్చుంటాడు.

ఏ బొమ్మ తర్వాత ఏది, ఎప్పుడు చేతులు కడుక్కోవాలి, ఎప్పుడు ఇంటికి, ఇవన్నీ చిన్న అట్టముక్కల మీద బొమ్మలుగా వేసి వరసగా గోడకి పెట్టాం. అయిపోయినదాన్ని వాడే తీసి డబ్బాలో వేస్తాడు. ముందేం జరగబోతోందో తెలిస్తే వాడు హాయిగా ఉంటాడు. మనం మాత్రం? రైలెక్కి తర్వాతి స్టేషన్ ఏదో తెలీకపోతే ఎంత గింజుకుంటాం!

"వీడు నీలం తప్ప ఇంకో రంగు ముట్టుకోడండీ" అని వాళ్ల నాన్న బెంగ. ముట్టుకోకపోతే ఏమయింది? నీలం ఒకటా, రెండా! బట్టల నీలిమందు తెచ్చాం. శంఖుపూలు నానబెట్టి నీలం తీశాం. ఇంకు తెచ్చాం. పోస్టర్ కలర్లో తెల్లది కలిపి ఆరు మెట్లు చేశాం. వాడు ఆ నీలాలన్నీ వరసగా పేర్చి చదరాలు చదరాలుగా వేసిన బొమ్మ మా హాల్లో ఉంది. వచ్చి చూసి వెళ్లండి. కాఫీ ఇస్తాను.

వినపడని ఇద్దరితో నేను నేర్చుకున్నది ఒక్కటే, కానీ పెద్దది. మనం ఒక చేత్తో గీస్తూ నోటితో చెప్తూ పోతాం. చెవులున్నవాళ్లు కళ్లు కాగితం మీద, చెవులు మన మీద పెడతారు. ఈ ఇద్దరికీ రెండు పనులూ కళ్లే చెయ్యాలి. సైగ చూస్తే గీత పోతుంది, గీత చూస్తే సైగ పోతుంది. కాబట్టి ముందు సైగ, ఆగడం, తర్వాత గీత, మళ్లీ ఆగడం, మళ్లీ సైగ. కిటికీకి వీపు పెట్టి నిలబడకూడదు, మన మొహం నీడలో పడిపోతుంది. నిదానంగా సాగుతుంది తరగతి. ఆ నిదానం వల్ల మిగతా ఐదుగురి బొమ్మలూ బాగుపడ్డాయి. బొమ్మ నచ్చితే ఆ ఇద్దరూ చప్పట్లు కొట్టరు, చేతులు రెండూ పైకెత్తి వేళ్లు ఆడిస్తారు. ఇప్పుడు అందరూ అంతే. ఆ సమయంలో గోడ మీంచి చూస్తే చిగురాకుల గుంపులా ఉంటుంది. సతీశ్ గుజ్రాల్ పేరు విన్నారా? ఎనిమిదో ఏట వినికిడి పోయింది. చిత్రకారుడై, శిల్పియై, ఢిల్లీలో బెల్జియం రాయబార కార్యాలయ భవనం కూడా ఆయనే గీశాడు. 2020లో, తొంభై నాలుగేళ్లకి పోయాడు. ఆ భవనం ఫొటో చూపిస్తే మావాళ్లిద్దరూ ఇటుకలు లెక్కపెట్టడం మొదలెట్టారు.

ఒక కోపం ఉంది, అది కూడా చెప్పేస్తాను. ఓసారి ఒక బడిలో చిత్రాల ప్రదర్శన అంటే వెళ్లాను. ప్రత్యేక అవసరాల పిల్లలవంటూ ఓ గోడ నిండా బొమ్మలు. సూర్యోదయం, కొబ్బరిచెట్టు, గుడిసె, పడవ. అన్నీ ఒకేలా! ఒక్క గీత పక్కకి పోలేదు. వేసింది ఎవరో తెలుస్తూనే ఉంది. పిల్లల వంతు అడుగున పేరు మాత్రం. జనం వచ్చి "పాపం, ఎంత బాగా వేశారో" అనుకుంటూ వెళ్తున్నారు. ఆ పాపం అనే మాట మా వసారాలో నిషేధం. మీకూ చెప్తున్నా. అనాలనిపిస్తే "ఇదేంటి?" అని అడగండి. వాళ్లు చెప్తారు. గంటసేపు చెప్తారు.

చెయ్యి పట్టి దిద్దించడం మనకి అక్షరాభ్యాసం నాటి అలవాటు. పిల్లవాడి చెయ్యి కింద, మన చెయ్యి పైన. దాన్ని తిరగెయ్యండి. మన చెయ్యి కింద పెట్టి, పిల్ల చేతిని మన చేతి మీద వాలనివ్వండి. మన చెయ్యి కదులుతుంటే తను తెలుసుకుంటుంది. వద్దనుకుంటే తీసేసుకోవచ్చు. అక్కడ ఉంది కిటుకు. పైన మన బరువు ఉంటే తీసుకోవడానికి దారేదీ? నేను మా చూపులేని అమ్మాయికి ఉండ చుట్టడం అలాగే నేర్పాను. రెండు నిమిషాలు నా చేతుల మీద ఆనించి, తర్వాత నా చేతుల్ని పక్కకి నెట్టేసింది.

చెయ్యి మొరాయించినప్పుడు పనిముట్టు మార్చుకోవడం మహామహులే చేశారు. మతీస్ అనే ఫ్రెంచి చిత్రకారుడికి 1941లో పేగుల క్యాన్సర్ ఆపరేషన్ అయింది. ఆ తర్వాత మంచమూ చక్రాల కుర్చీయే. అప్పుడు కత్తెర అందుకున్నాడు. సహాయకులు కాగితాలకి రంగు పూసి ఇచ్చేవారు, ఈయన తిన్నగా రంగులోకి కత్తెర పెట్టి కత్తిరించేవాడు. 1947లో వచ్చిన ఆయన "జాజ్" పుస్తకం ఆ కత్తిరింపులదే. పొడుగాటి కర్ర చివర బొగ్గు కట్టి మంచం మీంచే గోడ మీద గీసేవాడు. ఆ కర్ర కబురు విన్నప్పటి నుంచి మా చక్రాల కుర్చీ కుర్రాడు నా బూజుకర్ర వదలడం లేదు.

మన శాంతినికేతన్‌లో బినోద్ బిహారీ ముఖర్జీ అని చిత్రకారుడు ఉండేవారు. 1904లో పుట్టారు. చిన్నప్పుడే ఒక కంటికి చూపు లేదు, రెండోది బలహీనం. ఆ ఒక్క కంటితోనే హిందీ భవనంలో గోడ పొడుగునా భక్తకవుల చిత్రాలు వేశారు. 1956లో ఆపరేషన్ వికటించి ఆ చూపూ పోయింది. ఆపారా? కాగితాలు కత్తిరించారు, మడిచారు, మైనంతో బొమ్మలు చేశారు, పెంకు పలకలతో గోడ కూర్చారు. ఆయన శిష్యుడే సత్యజిత్ రాయ్, 1972లో గురువుగారి మీద "ది ఇన్నర్ ఐ" అని చిన్న సినిమా తీశాడు. ఇరవై నిమిషాలు. మీ సీరియల్లో ఒక ఎపిసోడు వదిలేసి అది చూడండి, నా మాట విని.

కత్తెర పట్టలేని పిల్లలకి? చించడం ఉందిగా! చించడానికి లోకంలో శుభలేఖను మించింది లేదు. మందపాటి కాగితం, పైకి లేచిన బంగారు వినాయకుడు, ముదురు ఎరుపు, మూలన ఎండిన పసుపు బొట్టు. వేలితో తడిమితే బాజాలు వినపడతాయి. పెళ్లిళ్లయిపోయాక పారెయ్యడానికి చెయ్యి రాదు, దాచుకోవడానికి చోటు లేదు. కట్ట కట్టి ఇటు విసరండి.

ఇక చట్టం మాట. వికలాంగుల హక్కుల మీద 2016లో వచ్చిన చట్టం ఇరవయ్యొక్క రకాల వైకల్యాలు లెక్కలోకి తీసుకుంది. అంతకుముందు 1995 చట్టంలో ఏడే. చదువు హక్కు కాగితం మీద ఉంది. మన రెండు రాష్ట్రాల్లోనూ మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, వాటిలో ఈ పిల్లలకోసమే టీచర్లుంటారు. మీ చుట్టాల్లో అలాంటి పిల్లలుంటే అక్కడికి తీసుకెళ్లమనండి. వెళ్లినప్పుడు బొమ్మల పీరియడ్ ఎప్పుడని కూడా అడగమనండి. లెక్కల గంట గురించి అందరూ అడుగుతారు, దీని గురించి ఎవరూ అడగరు. అడిగితేనే వస్తుంది.

పోయిన ఆదివారం ఏం చేశామో చూశారా? చూసే ఉంటారు, మీ గేటు దాకా వచ్చింది. పాత ఫ్లెక్సీ ఒకటి దొరికింది. మొహాలున్న వైపు కిందికి వేసి, తెల్లటి వీపు పైకి పరిచాం. రంగులో కాస్త ఫెవికాల్ కలిపి చక్రాల కుర్చీ టైర్లకి పూశాం. కుర్రాడు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. ఎడమ చక్రం నారింజ, కుడి చక్రం నీలం. మలుపు తిరిగిన చోట రెండూ కలిసి మెలికలు. ఎదురింటి బుడ్డోడు తన సైకిలు తెచ్చి తనకీ పూయమన్నాడు. చూపులేని అమ్మాయి ఫ్లెక్సీ అంచున చెప్పులు విప్పి కూర్చుని, కుర్చీ చప్పుడు ఎటు పోతుంటే అటు వేలు చూపిస్తూ, "ఇప్పుడు గీత ఇక్కడుంది" అని చెప్తూ వచ్చింది. ఒక్కసారి కూడా తప్పలేదు. తర్వాత రెండు బకెట్ల నీళ్లతో చక్రాలు కడిగాం. మీ గేటు ముందు మిగిలిన నారింజ చార మాదే. వానకి పోతుంది లెండి. పోకపోయినా బాగుంటుంది.

సరే, మీకు చాలా పనులుంటాయి. పాత దోమల జాలి, శుభలేఖలు, వాడని బొట్టుబిళ్లలు, చింతగింజలు, క్రేయాన్ ముక్కలు, ఏవి ఉంటే అవి శనివారం సాయంత్రానికి ఈ గోడ మీద పెట్టండి. ఆదివారం తొమ్మిదిన్నరకి మీరూ రండి, పిల్లల చేతులు కడగడానికి ఇంకో మనిషి కావాలి. పెనం మాత్రం తిరిగివ్వను, ముందే చెప్తున్నాను.